వెబ్ వ్యాసం ఈ-రీడర్‌కు చేరే దారిలో ఏం జరుగుతుంది?

విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే రైలు ఎక్కితే దారిలో యాభైకి పైగా సొరంగాలు వస్తాయి. ఫోనులో సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు. అందుకే కిందటిసారి బయల్దేరే ముందురోజు రాత్రి, ఎన్నాళ్లుగానో చదవాలనుకుంటున్న నాలుగు పొడవాటి వ్యాసాలను వెబ్ నుంచి తీసి ఈ-రీడర్‌లోకి ఎక్కించుకున్నాను. మూడు హాయిగా చదివాను. నాలుగోది సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినోల గురించి. భూమి మీద ప్రతి చదరపు సెంటీమీటరు గుండా సెకనుకు సుమారు 6.5×1010 న్యూట్రినోలు దూసుకుపోతాయని అందులో ఉంది. మనసులో గుణించి చూశాను. ఆరున్నర వేల పైచిలుకు. ఇంత తక్కువా అని అనుమానం వచ్చింది కానీ, అడగడానికి అక్కడ ఇంటర్నెట్ లేదు.

ఇంటికొచ్చి అసలు పేజీ తెరిస్తే విషయం తెలిసింది. అక్కడున్నది 6.5×10¹⁰. అంటే దాదాపు 6,500 కోట్లు. పైన చిన్నగా ఉండాల్సిన ఘాతాంకం కిందికి జారి పక్క అంకెలతో కలిసిపోయింది. నా చేతిలోని పేజీలో 'కోట్లు' మాయమై 'ఆరున్నర వేలు' మాత్రం మిగిలింది. తప్పు రాసినవారిది కాదు, నాదే. తొందరలో పేజీలోని పాఠాన్ని కాపీ చేసి, మామూలు టెక్స్ట్ ఫైలులో అతికించి పంపాను. మామూలు టెక్స్ట్‌కు పైన, కింద అన్న తేడా ఉండదు.

వెబ్ వ్యాసాన్ని ఈ-రీడర్‌కు 'పంపడం' అంటే ఉత్తరాన్ని కవరులో పెట్టి పోస్టు చేసినట్టు అనుకుంటాం. నిజానికి దారిలో దాన్ని విడగొట్టి, కొంత పారేసి, మిగిలినదాన్ని వేరే అచ్చులో మళ్లీ కూరుస్తారు. ఆ పని చేసేది ఒక ప్రోగ్రాము. ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో దాని అంచనా మీద ఆధారపడి ఉంటుంది. అంచనా అన్నాక ఒక్కోసారి తప్పుతుంది. ఎక్కడెక్కడ తప్పవచ్చో తెలిస్తే బయల్దేరే ముందే చూసుకోవచ్చు.

ఆ తెర మీదే ఎందుకు?

చేతిలో ఫోను ఉండగా ఇంకో పరికరం దేనికని అడగవచ్చు. ఫోను తెర తానే వెలుగు చిమ్ముతుంది. ఈ-రీడర్ తెర కాగితంలా తన మీద పడిన వెలుగును వెనక్కి పంపుతుంది. 1990ల చివర్లో అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో జోసెఫ్ జాకబ్సన్, ఆయన విద్యార్థులు బారెట్ కామిస్కీ, జె.డి. ఆల్బర్ట్ కలిసి రూపొందించిన ఎలక్ట్రానిక్ సిరా దీనికి మూలం. ఇప్పటి నలుపు-తెలుపు తెరల్లో తల వెంట్రుక మందమున్న సూక్ష్మ గుళికలు లక్షల సంఖ్యలో పరచి ఉంటాయి. ఒక్కో గుళికలో పారదర్శకమైన ద్రవం, అందులో తెల్ల కణాలు, నల్ల కణాలు. తెల్లవాటికి ఒక రకం విద్యుదావేశం ఉంటే నల్లవాటికి దాని వ్యతిరేక ఆవేశం ఉంటుంది. విద్యుత్ క్షేత్రాన్ని ఒక దిశలో ఇస్తే తెల్లవి పైకి తేలతాయి, దిశ మారిస్తే నల్లవి తేలతాయి. ఒకసారి తేలినవి కరెంటు ఆపినా అక్కడే ఉంటాయి. పేజీ తిప్పినప్పుడే తెరకు విద్యుత్తు కావాలి కాబట్టి ఒకసారి చార్జింగ్ పెడితే వారాల తరబడి నడుస్తుంది.

ఇక్కడ చిన్న పక్కమాట. ఈ-రీడర్లు నిద్ర చెడగొడతాయని మీరు చదివే ఉంటారు. ఆ వార్తలకు ఆధారమైన అధ్యయనాల్లో ముఖ్యమైనది 2014 చివర్లో పీఎన్ఏఎస్ పత్రికలో వచ్చింది. అందులో పాల్గొన్నవారు 12 మంది. పడుకునే ముందు నాలుగు గంటలపాటు పరికరం మీద చదివిన రాత్రుల్లో, అచ్చు పుస్తకం చదివిన రాత్రుల కంటే దాదాపు 10 నిమిషాలు ఆలస్యంగా నిద్రపట్టింది. అయితే పరీక్షలో వాడింది వెలుగు చిమ్మే టాబ్లెట్. ఎలక్ట్రానిక్ సిరా తెర కాదు. పేరు ఒకటే కావడంతో నింద దీని మీదా పడింది.

ఈ తెరకు ఉన్న లోపమల్లా నెమ్మదితనం. కణాలు ద్రవంలో ఈదుకుంటూ కదలాలి కదా! ఫోనులో వేలితో జరిపినట్టు పేజీని జరిపితే తెర తడబడుతుంది, పాత అక్షరాల నీడలు మిగిలిపోతాయి. కనుక వెబ్ పేజీని ఉన్నదున్నట్టు ఇందులో చూడటం చిరాకు వ్యవహారం. వ్యాసాన్ని ఒలిచి, పుస్తకంలా పుటలుగా మార్చి ఇవ్వాలి.

ఈ పేజీలో వ్యాసం ఏది?

వినడానికి వింత ప్రశ్న. మనకు కళ్లతో చూడగానే తెలిసిపోతుంది. ప్రోగ్రాముకు తెలియదు. దానికి కనిపించేది పెట్టెలో పెట్టె, దాంట్లో మరో పెట్టెగా అమర్చిన కోడు. పైన సైటు పేరు, పక్కన ప్రకటన, కింద 'ఇవి కూడా చదవండి', మధ్యలో వ్యాసం. అన్నీ దాని దృష్టిలో పెట్టెలే.

ఈ చిక్కుకు బాగా పనికొచ్చిన ఉపాయాన్ని 2009లో ఆర్క్90 అనే సంస్థ 'రీడబిలిటీ' పేరుతో విడుదల చేసింది. మరుసటి ఏడాదే ఆపిల్ తన సఫారీ బ్రౌజరులోని రీడర్ సదుపాయానికి ఆ కోడును వాడుకుంది. ఇప్పుడు ఫైర్‌ఫాక్స్‌లో 'రీడర్ వ్యూ' నొక్కితే పనిచేసేది దాని వారసుడే. మొజిల్లా నిర్వహిస్తున్న ఆ ప్రోగ్రాము కోడు అందరికీ అందుబాటులో ఉంది కాబట్టి అది ఎలా ఆలోచిస్తుందో చూడవచ్చు.

అది పేజీలోని పేరాలకు మార్కులు వేస్తుంది. 25 అక్షర సంకేతాల కంటే పొట్టి పేరాను పట్టించుకోదు. మెనూలోని మాటలు చాలావరకు ఇక్కడే రాలిపోతాయి. మిగిలిన ప్రతి పేరాకు ఒక మార్కు. అందులో కామాలుంటే వాటికీ మార్కులు. నిడివికి ప్రతి 100 సంకేతాలకు ఒకటి చొప్పున గరిష్ఠంగా మూడు. ఈ మార్కులన్నీ ఆ పేరా ఉన్న తల్లి పెట్టెకు పోతాయి. ఆ తల్లికి తల్లి అయిన పెట్టెకు సగం దక్కుతాయి. ఇంకా పైవాటికి ఇంకా తక్కువ. ఆ పైన పెట్టెలో లింకుల పాలు ఎంతో చూసి ఆ మేరకు కోత వేస్తుంది. మొత్తం లింకులే ఉన్న పెట్టెకు చివరికి సున్నా మిగులుతుంది. అత్యధిక మార్కులు తెచ్చుకున్న పెట్టే వ్యాసం.

కామాల సంగతి నాకు ముచ్చటగా తోచింది. విడమరిచి చెప్పే మనిషి వాక్యాల్లో కామాలుంటాయి, ప్రకటనల్లో, బటన్ల మీద ఉండవు. అంత మామూలు పరిశీలన మీద ఇంత పని నడుస్తోంది. ఇంగ్లిష్ కామానే కాకుండా అరబిక్, చైనీస్ లిపుల కామాలను కూడా లెక్కలోకి తీసుకునేలా తర్వాత దాన్ని సవరించారు. తెలుగులో మనం వాడేది ఇంగ్లిష్ కామానే కనుక మనకు ఇబ్బంది లేదు.

ఇబ్బంది ఎక్కడంటే, మంచి వ్యాసమే ఈ కొలతలకు లొంగనప్పుడు. శాస్త్ర వ్యాసాల్లో అదనపు సమాచారం ఇచ్చే పట్టికలు, మూలాలకు లింకులున్న జాబితాలు, పక్కన గడిలో పెట్టిన వివరణలు ఉంటాయి. లింకులు ఎక్కువగా ఉన్నాయనో, నిడివి తక్కువనో ప్రోగ్రాము వాటిని చెత్తగా భావించవచ్చు. సమీకరణాలది ఇంకో తంటా. చాలా సైట్లలో సమీకరణాన్ని పేజీ తెరిచాక ఒక స్క్రిప్టు అప్పటికప్పుడు గీస్తుంది. ఒలిచేటప్పుడు స్క్రిప్టులను తీసేస్తారు. దాంతో సమీకరణం ఉండాల్సిన చోట ఖాళీయో, డాలరు గుర్తుల మధ్య అర్థంకాని సంకేతాలో మిగులుతాయి. బొమ్మలు సైతం చాలా సైట్లలో మనం అక్కడిదాకా జరిపితే గానీ లోడు కావు. పంపే బటను నొక్కే ముందు ఒకసారి పేజీ చివరిదాకా వెళ్లి రావడం మంచిది. ఖర్చు లేని వైద్యం.

ఒలిచే పని ఎవరి కంప్యూటరులో జరుగుతోందన్నదీ ముఖ్యమే. బ్రౌజరుకు తగిలించిన ఎక్స్‌టెన్షన్ అయితే మీ కళ్లముందున్న పేజీనే తీసుకుంటుంది. లింకు మాత్రం తీసుకునే సేవ అయితే తన సర్వరు నుంచి ఆ పేజీని కొత్తగా తెరుస్తుంది. మీరు చందా కట్టి లాగిన్ అయిన సంగతి దానికి తెలియదు. ముక్కూమొహం తెలియని పాఠకుడికి చూపే రెండు పేరాలే దానికి దొరుకుతాయి. రైల్లో కూర్చున్నాక వ్యాసం మధ్యలో తెగిపోతే కారణం చాలాసార్లు ఇదే.

జిప్ మూటలో పుస్తకం

ఒలిచిన వ్యాసాన్ని ఎక్కువగా ఈపబ్ అనే ఫైలుగా కూరుస్తారు. 2007 నుంచి ఉన్న ఈ ప్రమాణాన్ని ఇప్పుడు వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ చూస్తోంది. కుతూహలం ఉంటే ఏదైనా ఈపబ్ ఫైలుకు నకలు తీసి, పేరు చివర 'జిప్' అని మార్చి తెరిచి చూడండి. లోపల వెబ్ పేజీల వంటి ఫైళ్లు, బొమ్మలు, అక్షరాల సైజు, అంచులు చెప్పే ఒక ఫైలు, ఏది ముందు ఏది వెనక అని చెప్పే జాబితా కనిపిస్తాయి. వెబ్ నుంచి బయల్దేరిన వ్యాసం మళ్లీ వెబ్ పేజీలాగే మూటలో కూర్చుంటుంది, హంగులు వదిలేసి. ఘాతాంకాన్ని పైన ఉంచే గుర్తు ఇందులో భద్రంగా ఉండగలదు. నేను టెక్స్ట్ ఫైలుకు బదులు ఈపబ్ చేసి ఉంటే న్యూట్రినోలు అన్ని కోట్లు తగ్గేవి కావు.

పంపే మార్గాలు చాలానే ఉన్నాయి. కిండిల్‌కు సొంత మెయిల్ చిరునామా ఉంటుంది. మీరు అనుమతించిన మెయిళ్ల నుంచి ఫైలు జోడించి పంపితే పరికరంలోకి దిగుతుంది. 2022 నుంచి ఆ దారిలో ఈపబ్‌ను కూడా తీసుకుంటోంది. యూఎస్‌బీ కేబుల్‌తో కాపీ చేసుకోవడం పాత పద్ధతి, ఇప్పటికీ నమ్మకమైనది. కాలిబర్ అనే ఉచిత ప్రోగ్రాము మార్చే పని, పంపే పని రెండూ చేస్తుంది. దాన్ని 2006లో మొదలుపెట్టింది భారతీయుడైన కోవిద్ గోయల్. అప్పుడాయన అమెరికాలోని కాల్‌టెక్‌లో భౌతికశాస్త్ర పరిశోధక విద్యార్థి. కొత్తగా వచ్చిన సోనీ ఈ-రీడర్ ఆయన వాడే లైనక్స్‌తో పనిచేయకపోవడంతో తనకోసం తానే రాసుకోవడం మొదలుపెట్టాడు.

వ్యాసాలను దాచిపెట్టే సేవలున్నాయి కదా, ఫైళ్ల గొడవ ఎందుకు అనుకోవచ్చు. 2007లో 'రీడ్ ఇట్ లేటర్' పేరుతో మొదలై తర్వాత 'పాకెట్'గా మారిన సేవను లక్షలమంది వాడారు. కోబో ఈ-రీడర్లలో అది అంతర్భాగంగా ఉండేది. 2025 జులై 8న మొజిల్లా దాన్ని మూసేసింది. కోబో ఆ చోటులో ఇన్‌స్టాపేపర్‌ను పెట్టింది. కానీ ఏళ్ల తరబడి అక్కడ పోగేసుకున్నవారు తమ జాబితాలను ఎగుమతి చేసుకోవాల్సి వచ్చింది. ఎగుమతిలో చేతికొచ్చినవి లింకులు. ఆ లింకుల్లో ఎన్ని తెరుచుకుంటాయి? అమెరికాలోని ప్యూ రిసెర్చ్ సెంటర్ 2024లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత దొరకలేదు. లింకు అంటే చిరునామా. ఇల్లు ఖాళీ అయ్యాక చిరునామా చేతిలో ఉండి ప్రయోజనం లేదు. మళ్లీ మళ్లీ చదవాలనిపించే వ్యాసాన్ని సొంత చదువుకోసం ఫైలుగా దగ్గర పెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం. దాన్ని పదిమందికి పంచాలంటే మాత్రం రాసినవారి అనుమతి కావాలి.

తెలుగు వ్యాసమైతే?

ఇంగ్లిష్ వ్యాసానికి దారి ఇక్కడితో అయిపోతుంది. తెలుగు వ్యాసానికి ఇంకో గేటు ఉంది.

'శాస్త్రం' అనే మాట తీసుకుందాం. కంటికి రెండే అక్షరాలు: శా, స్త్రం. యూనికోడ్‌లో ఇది ఎనిమిది సంకేతాలు. శ, దీర్ఘం, స, పొల్లు, త, పొల్లు, ర, సున్న. వెబ్‌లో వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు, అంటే మొత్తం 24 బైట్లు. ఫైలులో ఉండేది ఈ ఎనిమిది సంకేతాల వరుస మాత్రమే. స కింద తవత్తు, దానికి రావత్తు చేర్చి 'స్త్ర'గా కూర్చే పని ఎప్పటికప్పుడు పరికరంలో జరగాలి. ఇందుకు రెండు కావాలి. ఒకటి, ఆ ఒత్తుల ఆకారాలున్న ఫాంటు. రెండు, ఏ సంకేతాల వరుసకు ఏ ఆకారం వాడాలో ఫాంటులోని నియమాలు చదివి అమర్చే ప్రోగ్రాము. అచ్చుయంత్రాల కాలంలో సీసపు అక్షరాలు కూర్చిన కంపోజిటరు చేసిన పనే ఇది.

ఫాంటు లేకపోతే పేజీ నిండా ఖాళీ గడులు కనిపిస్తాయి. ఇది తేలిగ్గా గుర్తుపట్టే రోగం. ఫాంటు ఉండి కంపోజిటరు లేకపోతే 'శాస్‌త్‌రం' లాంటి పొల్లుల గుంపు వస్తుంది. ఒకటి రెండు వాక్యాలు కూడబలుక్కుని చదవవచ్చు, పది పుటలు మాత్రం అసాధ్యం. చాలామంది ఫైలులో ఫాంటు పెట్టేస్తే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. ఫాంటు అక్షరాల పెట్టె మాత్రమే. కూర్చే చెయ్యి పరికరంలో ఉండాలి.

ఫోన్లలో, కంప్యూటర్లలో ఈ సమస్య చాలా ఏళ్ల క్రితమే తీరింది. ఈ-రీడర్లలో అన్నిచోట్లా తీరలేదు. 2016 డిసెంబరులో కిండిల్ దుకాణంలో ఐదు భారతీయ భాషల పుస్తకాలు మొదలైనప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి. తెలుగు లేదు. కొనబోయే ముందు 'తెలుగు వస్తుందా' అని అడగడం కంటే ఒక చిన్న ఫైలు వేసి చూపించమనడం నయం. ఆ ఫైలులో స్త్రీ, జ్ఞానం, లక్ష్మి, కృష్ణుడు, అర్ఘ్యం, రాష్ట్రం అని రాయండి. ఆరు మాటలూ సరిగా కనిపిస్తే దాదాపు ఏదైనా కనిపిస్తుంది.

రాకపోతే రెండు దారులున్నాయి. మొదటిది కేఓరీడర్ అనే స్వేచ్ఛా ప్రోగ్రాము. కోబో, పాకెట్‌బుక్, కొన్ని కిండిల్ పరికరాల్లో దాన్ని వేసుకోవచ్చు. అక్షరాలు కూర్చడానికి అది హార్ఫ్‌బజ్ అనే ప్రోగ్రామును వాడుతుంది. మన ఫోన్లలో, బ్రౌజర్లలో తెలుగును కూర్చుతున్నదీ చాలావరకు అదే. దానికి మంచి తెలుగు ఫాంటు ఇస్తే చాలు. ఫాంటులకు కరువు లేదు. నోటో కుటుంబం ఉంది. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, సూరన్న, రామభద్ర వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. పొడవాటి పాఠానికి నాకు మండలి నచ్చుతుంది. రామభద్ర లావు అక్షరం, శీర్షికలకు బాగుంటుంది.

రెండోది ఇంకా తేలిక, పీడీఎఫ్. సాధారణంగా ఈ-రీడర్‌కు పీడీఎఫ్ పనికిరాదంటారు. ఏ4 కాగితం కోసం చేసిన పుట 6 అంగుళాల తెర మీద చీమల బారులా ఉంటుంది మరి. కానీ పీడీఎఫ్‌లో అక్షరాలు ముందే కూర్చి ఉంటాయి, పరికరం ఆ ఆకారాలను గీస్తే చాలు. కనుక కంప్యూటరులో బ్రౌజరు రీడర్ వ్యూ తెరిచి, పుట కొలతను 9×12 సెంటీమీటర్లుగా మార్చి, అంచులు తగ్గించి పీడీఎఫ్ చేయండి. 6 అంగుళాల తెర కొలత ఇంచుమించు అదే. తర్వాత అక్షరాల సైజు మార్చుకోలేరు, అదొక్కటే ఇబ్బంది. కాబట్టి మొదటే కొంచెం పెద్దగా పెట్టుకోండి. తెలుగులో ఒత్తులు వరుస కిందికి దిగుతాయి కాబట్టి వరుసల మధ్య ఎడం కూడా ఇంగ్లిష్ కంటే ఎక్కువ ఉండాలి.

ఒలిచే అవసరం లేని తెలుగు పాఠం కూడా బోలెడంత ఉంది. తెలుగు వికీసోర్స్‌లోని పాత పుస్తకాలను నేరుగా ఈపబ్‌గా దించుకోవచ్చు. చూడాల్సింది మళ్లీ ఆ కూర్పు సంగతే.

పంపాక ఇంట్లోనే ఒకసారి

ఆ ప్రయాణం తర్వాత నాకొక అలవాటు అబ్బింది. ఇంట్లో వైఫై ఉండగానే ఫైలు తెరిచి చివరి పేరాకు వెళ్తాను. అసలు పేజీలోని చివరి వాక్యమే ఇక్కడా ఉందా? తర్వాత అంకెలున్న చోట్లు చూస్తాను. 10 తర్వాత ఇంకో అంకె అంటుకుని ఉంటే అనుమానించాలి. రుణ ఘాతాలు మరీ మోసం చేస్తాయి. 10⁻⁹ కాస్తా 10-9 అయితే అది తీసివేతో, 10 నుంచి 9 వరకో తెలియదు. మందుల మోతాదుల గురించో, విషపదార్థాల పరిమితుల గురించో చదువుతున్నప్పుడు ఇలాంటి జారుడు నవ్వుకుని వదిలేసేది కాదు. చదరపు మీటరు 'మీ2' అయితే పర్వాలేదు, మనసు సరిదిద్దుకుంటుంది. అంకె మీద అంకె కూర్చున్నప్పుడే ప్రమాదం.

న్యూట్రినోల వ్యాసాన్ని ఈసారి సరిగ్గా ఈపబ్ చేసి పంపాను. 10¹⁰ తన చోట తాను కూర్చుంది. చివరి పేరా ఉంది. బొమ్మలూ వచ్చాయి. కానీ అందులో ఒక గ్రాఫు ఉంది. రకరకాల సౌర న్యూట్రినోలను ఎరుపు, నీలం, ఆకుపచ్చ గీతలతో చూపించారు. నా తెరకు తెలిసినవి 16 బూడిద ఛాయలు. మూడు గీతలూ ఒకే రంగులో ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతున్నాయి, ఏది ఏదో చెప్పలేం. ఆ ఒక్క బొమ్మను ఫోనులో ఫోటోగా దాచుకుని, పుట సంఖ్యను కాగితం ముక్క మీద రాసి ఈ-రీడర్ అట్టలో దోపాను.